కోవర్కింగ్ స్పేస్‌లో సీటు ఎలా తీసుకోవాలి: ఫ్రీలాన్సర్లకు, చిన్న సంస్థలకు

ఇంట్లోనే కూర్చుని పని చేసుకునే అనువాదకులు, డిజైనర్లు, అకౌంటెంట్లు, వెబ్‌సైట్లు తయారు చేసేవారు, ఇద్దరు ముగ్గురు మనుషులతో సంస్థ నడుపుకునేవారు ఎప్పుడో ఒకప్పుడు బయట ఒక చోటు చూసుకోవాలని అనుకుంటారు. క్లయింటుతో మాట్లాడుతున్నప్పుడు వంటింట్లో కుక్కర్ కూత పెట్టడం, వచ్చిన మనిషిని పిల్లలు చదువుకునే గదిలో కూర్చోబెట్టాల్సి రావడం, జీఎస్టీ దరఖాస్తుకు ఇంటి ఓనరు సంతకం పెట్టనని చెప్పడం వంటివి ఆ ఆలోచనకు కారణమవుతాయి. సొంతంగా ఆఫీసు తీసుకోవాలంటే నెలల అడ్వాన్సు, బల్లలు, కుర్చీలు, ఏసీ, ఇంటర్నెట్ లైను, ఊడ్చి తుడిచే మనిషి, ఇవన్నీ మీరే చూసుకోవాలి. వేర్వేరు సంస్థలవారు ఒకే చోట కూర్చుని పని చేసుకునే కోవర్కింగ్ స్పేస్‌లో ఇవన్నీ కలిపి సీటుకు ఇంత అని నెలవారీగా ఇస్తారు. నేను హైదరాబాదులో ముగ్గురు మనుషుల అనువాద సంస్థ నడుపుతూ ఏడేళ్లలో ఇలాంటి మూడు చోట్ల పని చేశాను. ఈ కాలంలో నాతో పాటు కూర్చున్నవారిలో అద్దె ఎక్కువై బాధపడినవారి కంటే, తమ పని తీరు లెక్క చూసుకోకుండా చేరినవారు, అడ్రసు కాగితాల సంగతి ముందుగా అడగనివారు, ఖాళీ చేసే షరతులు చదవకుండా సంతకం పెట్టినవారే ఎక్కువ నష్టపోవడం చూశాను. అందుకే ఈ మూడు విషయాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు రెండు వారాల పని లెక్క రాయండి

ఏ స్పేస్‌నూ చూడడానికి వెళ్లకముందే ఒక నోటు పుస్తకం తీసుకుని, రెండు వారాల పాటు ప్రతి రోజూ మీరు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు పని చేశారో, అందులో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడిన సమయం ఎంతో, ఎవరైనా మిమ్మల్ని కలవడానికి వచ్చారో లేదో, నిశ్శబ్దం లేక ఆగిపోయిన పని ఏదో రాయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయమూ దీని మీదే ఆధారపడుతుంది. రోజుకు మూడు గంటలు ఫోన్‌లో మాట్లాడే మనిషి అందరూ కూర్చునే హాలులో సీటు తీసుకుంటే పక్కవారికీ ఇబ్బందే, తనకూ ఇబ్బందే. వారంలో రెండు రోజులే బయట కూర్చోవాల్సిన అవసరం ఉన్నవారు నెలంతటికీ డబ్బు కట్టడం అనవసరం.

అమెరికా క్లయింట్లున్నవారు వేళల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. న్యూయార్క్‌లో ఉదయం పది గంటలకు పెట్టిన మీటింగు మనకు వేసవిలో సాయంత్రం ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వస్తుంది. స్పేస్ ఎనిమిదింటికి మూసేస్తే నవంబరు నుంచి మార్చి వరకు ఆ మీటింగులన్నీ మళ్లీ ఇంట్లోంచే చేయాల్సి వస్తుంది. వేసవిలో చేరినవారికి ఈ తేడా చలికాలం వచ్చేదాకా తెలియదు. కాబట్టి మీ నోటు పుస్తకంలో క్లయింటు దేశపు వేళను కూడా పక్కన రాసుకోండి.

ఏ రకం సీటు కావాలో తేల్చుకోండి

ఈ స్పేస్‌లలో సాధారణంగా నాలుగైదు రకాలు దొరుకుతాయి. ఒక రోజుకు మాత్రమే డబ్బు కట్టి కూర్చునేది డే పాస్. నెలకు కట్టి, ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చునేది హాట్ డెస్క్. మీకంటూ ఒక బల్ల, తాళం వేసుకునే సొరుగు ఉండేది డెడికేటెడ్ డెస్క్. తలుపు ఉండి నలుగురో ఆరుగురో కూర్చునే గది ప్రైవేట్ క్యాబిన్. కూర్చునే చోటు లేకుండా అడ్రసు, ఉత్తరాలు అందుకునే సౌకర్యం మాత్రమే ఇచ్చేది వర్చువల్ ఆఫీస్.

డే పాస్‌కూ నెలసరి హాట్ డెస్క్‌కూ మధ్య ఎంపిక కూడికలు, గుణకారాలతో తేలిపోతుంది. డే పాస్ 500 రూపాయలు, హాట్ డెస్క్ నెలకు 8,000 రూపాయలు అనుకుందాం. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ కలిపితే డే పాస్ 590, హాట్ డెస్క్ 9,440 అవుతాయి. అంటే నెలకు సరిగ్గా పదహారు రోజులు వెళ్తే రెండూ సమానం. మీ నోటు పుస్తకం ప్రకారం నెలకు పది పన్నెండు రోజులే వెళ్లాల్సి ఉంటే డే పాస్‌లే కొనుక్కోండి. నెలసరి తీసుకుంటే క్రమశిక్షణ వస్తుందని, డబ్బు కట్టాం కాబట్టి తప్పక వెళ్తామని కొందరు అంటారు. మొదటి నెల అలాగే జరుగుతుంది. మూడో నెలకు మీ నోటు పుస్తకంలోని పాత అలవాటే తిరిగి వస్తుందని నా అనుభవం. రెండు మానిటర్లు పెట్టుకునేవారు, కాగితాలు పరచుకుని పని చేసే అకౌంటెంట్లు మాత్రం హాట్ డెస్క్ జోలికి వెళ్లకపోవడం మంచిది, ఎందుకంటే ప్రతి సాయంత్రం అన్నీ సర్దుకుని, మర్నాడు మళ్లీ పరచుకోవడంలోనే రోజుకు అరగంట పోతుంది. క్లయింటు ఖాతా పుస్తకాలు, కోర్టు పత్రాలు, వైద్య నివేదికలు వంటివి చూసేవారికి ఖర్చు ఎక్కువైనా తలుపున్న క్యాబినే సరైనది.

ఎక్కడ తీసుకోవాలి

స్పేస్ ఎంత బాగున్నా దారిలో గంటన్నర పోతే నెల తిరగకుండానే వెళ్లడం తగ్గిపోతుంది. హైదరాబాదులో మెట్రో లైనును బట్టి చూసుకోవడం తేలిక. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలి లైను మీద ఉన్నవారికి హైటెక్ సిటీ, దుర్గం చెరువు, రాయదుర్గం స్టేషన్ల చుట్టుపక్కల ఉన్నవి రైలు మారకుండానే అందుతాయి. మియాపూర్, ఎల్బీ నగర్ మధ్య నడిచే ఎరుపు లైను మీద ఉన్నవారు అక్కడికి వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి. అటువైపు క్లయింట్లు లేనివారికి, నగరం రెండు వైపుల నుంచీ మనుషులు కలవడానికి వచ్చేవారికి అమీర్‌పేట, బేగంపేట, పంజాగుట్ట ప్రాంతాలే అనుకూలం. పేరున్న ఐటీ ప్రాంతపు అడ్రసు ఉంటే క్లయింటు గౌరవిస్తాడని చాలామంది మాదాపూర్ వైపే చూస్తారు. మీ క్లయింటు సికింద్రాబాదులోని వ్యాపారి అయితే ఆ గౌరవం కంటే అతను అరగంటలో వచ్చి వెళ్లగలగడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

విజయవాడలో బెంజ్ సర్కిల్, ఎంజీ రోడ్డు చుట్టుపక్కల, విశాఖపట్నంలో సిరిపురం, ద్వారకానగర్ వంటి ఊరి నడుమ ప్రాంతాల్లో వెతకడం మంచిది. రుషికొండ వైపు ఐటీ కొండల మీద ఉన్న చోట్లు ఆ చుట్టుపక్కల ఉండేవారికే సౌకర్యం.

కొత్త ఉత్పత్తి తయారు చేస్తున్న స్టార్టప్ మీదైతే, మామూలు స్పేస్‌లు చూడకముందు ప్రభుత్వం నెలకొల్పిన సంస్థల్లో అవకాశం ఉందేమో చూడండి. 2015లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని కొత్త భవనానికి మారిన టీ-హబ్, మహిళా వ్యాపారుల కోసం 2018లో మొదలైన వీ-హబ్ అలాంటివే. అక్కడ చోటుతో పాటు మార్గదర్శకులు, పెట్టుబడిదారులతో పరిచయాలు దొరికే కార్యక్రమాలు ఉంటాయి. అయితే అవి దరఖాస్తు చేసుకుని ఎంపిక కావాల్సినవి, కేవలం కూర్చునే కుర్చీ కావాల్సిన ఫ్రీలాన్సరుకు సరిపడవు.

చూడడానికి వెళ్లినప్పుడు

ఫోన్ చేసి వెళ్తే మేనేజరు మిమ్మల్ని వెంటబెట్టుకుని కాఫీ యంత్రం, మొక్కలు, గోడ మీది బొమ్మలు చూపించి పదిహేను నిమిషాల్లో పంపిస్తారు. ఆ సందర్శన చాలదు. నచ్చిన రెండు చోట్లలోనూ ఒక్కొక్క డే పాస్ కొని, సోమవారమో మంగళవారమో, అంటే జనం ఎక్కువగా ఉండే రోజున, ఉదయం నుంచి సాయంత్రం వరకు మీ అసలు పనే అక్కడ చేయండి. ఆ వెయ్యి రూపాయలు ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అత్యంత ఉపయోగకరమైన ఖర్చు అని నేను నమ్ముతాను.

ఇంటర్నెట్‌ను ఉదయం పదకొండు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి పరీక్షించండి. అందరూ డౌన్‌లోడ్ వేగమే చూస్తారు, కానీ వీడియో మీటింగులో మీ ముఖం ఆగిపోకుండా ఉండాలన్నా, పెద్ద ఫైలు క్లయింటుకు చేరాలన్నా అప్‌లోడ్ వేగమే ముఖ్యం. మీ క్లయింటు తన నెట్‌వర్కులోకి భద్రంగా రావడానికి ఇచ్చిన వీపీఎన్ ఉంటే అది అక్కడి వైఫై మీద తెరుచుకుంటోందో లేదో అక్కడే కూర్చుని చూసుకోండి. రెండు వేర్వేరు కంపెనీల లైన్లు ఉన్నాయా, ఒకటి పోతే రెండోది దానంతట అదే అందుకుంటుందా అని అడగండి. ఫలానా ఐపీ అడ్రసు నుంచే లోపలికి రావాలని షరతు పెట్టే క్లయింట్లు ఉన్నవారు ఎప్పుడూ మారని స్టాటిక్ ఐపీ ఇస్తారా, దానికి విడిగా ఎంత అని కూడా అడగాలి.

కరెంటు విషయంలో జనరేటర్ ఉందన్న జవాబుతో ఆగిపోకండి. జనరేటర్ అందుకునేలోపు వైఫై రూటర్లు యూపీఎస్ మీద నడుస్తాయా అనేది అసలు ప్రశ్న. చాలా భవనాల్లో సెంట్రల్ ఏసీకి వేళలుంటాయి. సాయంత్రం ఒక వేళ తర్వాత, శనివారం మధ్యాహ్నం తర్వాత, ఆదివారాల్లో ఏసీ ఆగిపోతుంది, కావాలంటే గంటకు ఇంత అని కట్టాలి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుందని చెప్పే చోట కూడా, మే నెలలో కిటికీలు తెరుచుకోని అద్దాల గదిలో ఏసీ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకుని ఈ ప్రశ్న తప్పక అడగండి.

ఫోన్ మాట్లాడుకునే చిన్న గదులు ఎన్ని ఉన్నాయో, ఆ రోజు వాటి కోసం మనుషులు ఎంతసేపు ఎదురుచూస్తున్నారో గమనించండి. ఎనభై మంది కూర్చునే చోట రెండే గదులుంటే మీ మీటింగులు మెట్ల మీద నిలబడి చేయాల్సి వస్తుంది. మరుగుదొడ్లు మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉన్నాయో చూడండి, పొద్దున అన్ని చోట్లా శుభ్రంగానే ఉంటాయి. బండి పెట్టుకునే చోటు అద్దెలో కలిసి ఉందో లేదో, కారుకు విడిగా ఎంతో తెలుసుకోండి. మహిళలు రాత్రి వేళ పని చేయాల్సి ఉంటే సెక్యూరిటీ మనిషి ఆ వేళలో కూడా ఉంటారా, లిఫ్టు దగ్గర, పార్కింగులో దీపాలు వెలుగుతాయా అనేది రాత్రి ఒకసారి స్వయంగా వెళ్లి చూడవలసిందే.

అన్నిటికంటే ముఖ్యంగా మెట్లు చూడండి. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగినప్పుడు ఒక ఆఫీసులో పని చేస్తున్న ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఉపాధి కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన పిల్లలు వారు. ఆ రోజు నుంచి నేను ఏ భవనంలోకి వెళ్లినా ముందు రెండో మెట్ల దారి ఎక్కడుందో వెతుకుతాను. ఆ దారిలో విరిగిన కుర్చీలు, అట్టపెట్టెలు పేర్చి ఉన్నా, తలుపుకు తాళం ఉన్నా ఆ చోటు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ ఉందా అని మేనేజరును సూటిగా అడగండి. ఇది అడగడానికి మొహమాటపడవలసిన పనే లేదు.

అసలు ఖర్చు లెక్క

పైన అనుకున్న 8,000 రూపాయల హాట్ డెస్క్‌నే తీసుకుందాం. జీఎస్టీతో 9,440. కారు పార్కింగుకు 1,000 ఉంటే జీఎస్టీతో 1,180. నెలకు ఉచితంగా ఇచ్చే మీటింగు రూము గంటలు అయిపోయాక మరో మూడు గంటలు, గంటకు 500 చొప్పున వాడితే జీఎస్టీతో 1,770. ఇప్పటికి 12,390 అయింది. పెట్రోలుకు రోజుకు వంద చొప్పున ఇరవై రెండు రోజులకు 2,200 కలిపితే 14,590. ఎనిమిది వేలని మొదలుపెట్టిన లెక్క దాదాపు రెట్టింపుకు వచ్చింది. డిపాజిట్ కింద రెండు నెలల అద్దె ముందే కట్టాల్సి వస్తే 16,000 రూపాయలు మీ చేతిలోంచి వెళ్లి, మీరు ఖాళీ చేసేదాకా వారి దగ్గరే ఉంటాయి.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీరు చెల్లించాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దానికి బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఉండాలి, స్పేస్ వారు తమ రిటర్నులో దాన్ని చూపించి ఉండాలి. కాబట్టి చేరిన రోజే నంబరు ఇచ్చి, మొదటి నెల బిల్లు పోర్టల్‌లో కనిపిస్తోందో లేదో సరిచూసుకోండి. సేవలు అందించేవారికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతకంటే తక్కువ ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోనివారికి ఆ 18 శాతం పూర్తిగా సొంత ఖర్చే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పని చేసేవారు ఇక్కడ ఒక చిక్కును ముందే గుర్తించాలి. స్థిరాస్తికి సంబంధించిన సేవకు ఆ ఆస్తి ఉన్న రాష్ట్రంలోనే పన్ను పడుతుంది. తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ విజయవాడలో సీటు తీసుకుంటే బిల్లులో కేంద్ర జీఎస్టీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జీఎస్టీ పడతాయి, ఆ క్రెడిట్ తెలంగాణ ఖాతాలో వాడుకోవడానికి కుదరదు. విజయవాడలో రిజిస్టరై హైదరాబాదులో కూర్చునేవారికీ ఇదే వర్తిస్తుంది. అలాంటివారు 18 శాతాన్ని ఖర్చు కిందే లెక్క వేసుకోవాలి, లేదా రెండో రాష్ట్రంలో కూడా రిజిస్ట్రేషన్ తీసుకోవాలో వద్దో తమ ఆడిటరుతో మాట్లాడి తేల్చుకోవాలి. కంపెనీగా నడుపుతూ పెద్ద క్యాబిన్ తీసుకునేవారు నెల అద్దె 50,000 రూపాయలు దాటితే టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి ఉందని కూడా ఆడిటరుకు గుర్తు చేయండి.

అడ్రసు కాగితాలు

చాలామంది చిన్న వ్యాపారులు కోవర్కింగ్ స్పేస్‌కు రావడానికి అసలు కారణం అడ్రసే. కానీ ఆ సంగతిని చేరిన తర్వాత అడుగుతారు. మీ ప్యాకేజీలో కూర్చునే హక్కు మాత్రమే ఉండి అడ్రసు వాడుకునే హక్కు లేకపోవచ్చు, లేదా దానికి విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. అందుకని డబ్బు కట్టకముందే, జీఎస్టీ దరఖాస్తుకు మీ సంస్థ పేరు మీద ఒప్పందం, ఆ చోటు వాడుకోవడానికి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, ఆ భవనపు తాజా కరెంటు బిల్లు లేదా ఆస్తి పన్ను రసీదు ఇస్తారా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబును ఈమెయిల్‌లోనే తీసుకోండి. స్పేస్ నడిపేవారు సాధారణంగా ఆ భవనానికి యజమానులు కారు, వారూ అద్దెదారులే. కరెంటు బిల్లు భవన యజమాని పేరు మీద ఉంటుంది. కాబట్టి యజమాని నుంచి స్పేస్ వారికి, వారి నుంచి మీకు హక్కు ఎలా వచ్చిందో చూపించే కాగితాల వరుస తెగకుండా ఉండాలి. అధికారి ప్రశ్న వేస్తే సాధారణంగా ఇక్కడే వేస్తారు.

అధికారులు ఆ చోటుకు వచ్చి చూసే అవకాశం కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును వ్యాపార స్థలంలో కనిపించేలా పెట్టాలని, పేరు బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలని నిబంధన. కాబట్టి మీ పేరు పలకను రిసెప్షన్‌లో పెట్టనిస్తారా, అధికారి వచ్చి మీ పేరు చెప్పి అడిగితే అక్కడి మనిషి అవునని చెప్పగలరా అన్నది ముందే చూసుకోండి. నాతో పాటు కూర్చున్న ఒక డిజైనరు విషయంలో, కొత్తగా చేరిన రిసెప్షనిస్టు ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని చెప్పడంతో దరఖాస్తు తిరస్కరణ దాకా వెళ్లి, వివరణ రాసుకుని బయటపడాల్సి వచ్చింది. వర్చువల్ ఆఫీస్ మాత్రమే తీసుకునేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే వారు అక్కడ కనిపించేదే ఉండదు. ఖాతా పుస్తకాలు ముఖ్య వ్యాపార స్థలంలోనే ఉండాలన్నది కూడా చట్టంలోని షరతే కాబట్టి, లాకరో సొరుగో ఒకటి అడిగి తీసుకోవడం మంచిది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే రిజిస్టర్డ్ ఆఫీసుగా ఈ అడ్రసు ఇవ్వడానికి ఎన్‌ఓసీలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. జీఎస్టీ కోసం ఇచ్చిన ఎన్‌ఓసీ దానికి పనికిరాకపోవచ్చు. ఉద్యోగులను పెట్టుకున్నవారు షాపులు, సంస్థల చట్టం కింద పని మొదలైన ముప్పై రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. బ్యాంకు కరెంటు ఖాతాకు కూడా మనిషి వచ్చి చోటు చూసి వెళ్తాడు కాబట్టి, ఆ రోజు మీరు అక్కడే ఉండేలా చూసుకోండి.

ఒప్పందం చదవండి, చివరి నుంచి చదవండి

ఇక్కడ మీరు చేసుకునేది మామూలుగా ఇంటి అద్దె ఒప్పందం లాంటిది కాదు. చాలా చోట్ల దాన్ని లైసెన్సు ఒప్పందం అని రాస్తారు. అంటే ఆ చోటును వాడుకునే అనుమతి మీకు ఉంటుంది గానీ, అద్దెదారుకు ఉండే స్వాధీన హక్కు ఉండదు. డబ్బు కట్టడం ఆలస్యమైతే యాక్సెస్ కార్డు పని చేయకుండా ఆపేయవచ్చు, లోపలున్న మీ సామాను తీసుకోవడానికి కూడా వారి అనుమతి కావాల్సి రావచ్చు. కాబట్టి ముందుగా చివరి పేజీల్లో ఉండే ఖాళీ చేసే షరతులు చదివి, ఆ తర్వాతే మొదటి పేజీకి రండి.

నా తప్పు చెబుతాను. రెండో చోట చేరినప్పుడు ముప్పై రోజుల నోటీసు ఇచ్చి వెళ్లవచ్చన్న వాక్యం చదివి నిశ్చింతగా సంతకం పెట్టాను. ఐదో నెలలో పని తగ్గి నోటీసు ఇస్తే, పదకొండు నెలల లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం) గడిచాకే ఆ నోటీసు చెల్లుతుందని మరో పేజీలో ఉన్న వాక్యం చూపించారు. రెండు నెలల డిపాజిట్ వదులుకుని బయటికి వచ్చాను. వాక్యం అక్కడే ఉంది, చదవనిది నేనే. మీరు మాత్రం లాక్-ఇన్ ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు, ఆ రెండింటికీ సంబంధం ఏమిటి అని విడివిడిగా రాసుకోండి. ఒంటరిగా పని చేసే ఫ్రీలాన్సరుకు మూడు నెలలకు మించిన లాక్-ఇన్ వద్దని నా సలహా, తగ్గింపు ఎంత ఆశపెట్టినా సరే. నలుగురు కూర్చునే క్యాబిన్‌కు ఆరు నెలల వరకు ఒప్పుకోవచ్చు. బేరం ఆడితే తగ్గించేది సాధారణంగా అద్దె కాదు, ఈ షరతులే తగ్గిస్తారు. మీరూ వాటి మీదే బేరం ఆడండి.

డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, రంగుల ఖర్చు, శుభ్రం చేసే ఖర్చు పేరుతో ఏమైనా కోస్తారో సంఖ్యల్లో రాయించుకోండి. ఏడాది గడిచాక అద్దె ఎంత శాతం పెరుగుతుందో కూడా సంఖ్యలోనే ఉండాలి. అదే స్థాయిలో ఉన్న మరో చోటుకు మిమ్మల్ని మార్చే హక్కు తమకుందని రాసి ఉంటే, అలా మార్చినప్పుడు డబ్బు కోల్పోకుండా వెళ్లిపోయే హక్కు మీకు ఉండేలా ఒక వాక్యం చేర్చమనండి, ఎందుకంటే అడ్రసు మారితే మీ జీఎస్టీ, బ్యాంకు కాగితాలన్నీ మార్చుకోవాలి.

స్పేస్ నడిపే సంస్థే మూతపడితే ఏమిటన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇలాంటి స్పేస్‌లు నడిపే వీవర్క్ అమెరికా సంస్థ 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో అదే పేరుతో నడిచేది వేరే కంపెనీ కావడంతో దాని మీద ఆ దరఖాస్తు ప్రభావం పడలేదు. అయినా భవనాన్ని దీర్ఘకాలానికి అద్దెకు తీసుకుని, నెల నెలా మారిపోయే సభ్యులకు ఇచ్చే వ్యాపారంలో ఉన్న బలహీనతను ఆ ఘటన అందరికీ చూపించింది. కాబట్టి భవన యజమానితో స్పేస్ వారి ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుందో అడగండి. మిగిలి ఉన్నది ఏడాదే అయితే పెద్ద డిపాజిట్ పెట్టకండి, ఏడాది డబ్బు ఒకేసారి కట్టి తగ్గింపు తీసుకునే పథకం జోలికి అసలే వెళ్లకండి.

చేరిన మొదటి నెల

చేరిన రోజునే బల్ల, కుర్చీ, గోడల ఫోటోలు తీసి ఈమెయిల్‌లో పంపి ఉంచండి. లాప్‌టాప్ స్క్రీను పక్క నుంచి కనిపించకుండా ప్రైవసీ ఫిల్టరు అతికించుకోండి, లేచి వెళ్లిన ప్రతిసారీ స్క్రీను లాక్ చేయండి, అందరూ వాడే ప్రింటరుకు క్లయింటు పత్రాలు పంపితే వెంటనే వెళ్లి తీసుకోండి. నేను వెళ్లిన ప్రతి చోటా ప్రింటరు ట్రేలో ఎవరివో ఆధార్ కాపీలు పడి ఉండడం చూశాను. మీ ఉద్యోగులకు ఈ అలవాట్లు మొదటి వారంలోనే నేర్పండి. పది మందికంటే తక్కువ ఉన్న సంస్థలో పని చేసే మహిళకు లైంగిక వేధింపు ఎదురైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసే హక్కు 2013 నాటి చట్టం ఇచ్చింది. ఒకే కప్పు కింద వేర్వేరు సంస్థలవారు కలిసి కూర్చునే చోట ఈ సంగతి మీ దగ్గర పని చేసే ప్రతి అమ్మాయికీ తెలిసి ఉండాలి.

పరిచయాల విషయానికి వస్తే, శాన్ ఫ్రాన్సిస్కోలో 2005 ఆగస్టులో ఈ పద్ధతిని మొదలుపెట్టిన బ్రాడ్ న్యూబర్గ్ ఒంటరిగా పని చేసే స్వేచ్ఛ, నలుగురితో కలిసి కూర్చునే తోడు రెండూ కావాలనే దాన్ని మొదలుపెట్టారు. ఆ తోడు దానంతట అది రాదు. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని అందరూ తినే చోట కూర్చోవడం నాకు ఏ నెట్‌వర్కింగు సమావేశం కంటే ఎక్కువ పని తెచ్చిపెట్టింది. మా సంస్థకు ఇప్పుడున్న ఆడిటరు, వెబ్‌సైటు చూసే కుర్రాడు ఇద్దరూ అలా పప్పన్నం దగ్గర పరిచయమైనవారే.

మూడు నెలలు నిండాక పాత నోటు పుస్తకం తీసి, ఎన్ని రోజులు వెళ్లారో, రోజుకు ఎంత పడిందో లెక్క వేయండి. పై ఉదాహరణలో అద్దె, పార్కింగు, మీటింగు రూము కలిపి నెలకు 12,390 రూపాయలు. ఇరవై రెండు రోజులు వెళ్తే రోజుకు 563, పది రోజులే వెళ్తే 1,239. రెండో సంఖ్య మీదైతే డే పాస్‌కు మారండి.

ఖాళీ చేసేటప్పుడు

నోటీసును ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఒప్పందంలో రాసిన ఈమెయిల్‌కే పంపి, అందిందన్న జవాబు దాచుకోండి. చేరినప్పటి ఫోటోలతో పోల్చి చూపించి, బకాయిలేమీ లేవన్న కాగితం తీసుకోండి. జీఎస్టీలో ముఖ్య వ్యాపార స్థలం మారితే పదిహేను రోజుల్లో సవరణ దరఖాస్తు పెట్టాలి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు మారితే ముప్పై రోజుల్లో రిజిస్ట్రారుకు తెలియజేయాలి. పాత అడ్రసుకు పన్ను నోటీసు వచ్చి మీకు చేరకపోతే గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. కనుక మరో మూడు నెలల పాటు మీ ఉత్తరాలు తీసి ఉంచి ఫోన్ చేయమని రిసెప్షన్‌లో ఉన్న మనిషితో మాట్లాడుకుని, నెలకొకసారి మీరే వెళ్లి అడిగి రండి.